పోలిక ఉందే, మనిషే లేడన్నారు

గోదావరి జిల్లా నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు. వయసు 39, ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కొన్నేళ్లుగా ఐవరీ షీట్ మీద పెన్సిల్‌తో ముఖచిత్రాలు వేస్తున్నారు. ఫొటో మీద గళ్లు గీసి, అవే గళ్లు షీటు మీద గీసుకుని, ఒక్కో గడీ నింపుకుంటూ పోవడం ఆవిడ పద్ధతి. తోటి టీచర్లు పెళ్లిళ్లకీ పుట్టినరోజులకీ వేయించుకుంటారు. అందరూ "అచ్చం ఫొటోనే" అని మెచ్చుకుంటారు.

పోయినేడాది వాళ్ల నాన్నగారు కాలం చేశారు. ఇంకో మూడు నెలల్లో సంవత్సరీకం. ఆ రోజుకి ఆయన బొమ్మ తనే వేయాలనుకున్నారు. ఉన్నవాటిలో స్పష్టమైన ఫొటో ఒక్కటే, బ్యాంకు పని కోసం స్టూడియోలో తీయించుకున్న పాస్‌పోర్టు ఫొటో. దాన్ని పెద్దది చేయించి నెల రోజులు కూర్చుని వేసి అమ్మకి చూపిస్తే, ఆవిడ చాలాసేపు చూసి "పోలిక ఉందే, మనిషే లేడు" అన్నారట. ఆ మాట మనసులోంచి పోవడం లేదని రాశారు. చార్‌కోల్‌తో (బొమ్మలు వేసే బొగ్గుతో) వేసిన ముఖాల్లో జీవం ఉంటుందని విని ఒక సెట్టు కొన్నారు. నాలుగు బొమ్మలు మొదలుపెడితే నాలుగూ బూడిదరంగు ముద్దలయ్యాయి. కింద గీసిన పెన్సిల్ గళ్లు మెరుస్తూ పైకి కనిపిస్తున్నాయి, బుగ్గల మీద వేలిమరకలు పడుతున్నాయి, రబ్బరుతో రుద్దితే నలుపు ఇంకా పాకుతోంది. "నాన్నని అంత నల్లగా, భయపెట్టేలా వేస్తావేంటి? స్టూడియోలో కలర్ ఫొటో చేయించేద్దాం" అని అన్నయ్య అంటున్నారు. ఆ అన్నయ్యది అచ్చం నాన్న పోలికే అని ఊళ్లో అందరూ అంటారట. ఇల్లు రెండు గదులది. ఎనిమిదేళ్ల బాబుకి ఆయాసం. నేలమీద నల్లపొడి చూసి భర్త ఇక ఆపేయమంటున్నారు.

ఆవిడ అడిగినవి ఇవి: చార్‌కోల్ నా చేతికి వచ్చేదేనా? ఫొటోలో లేనిది కలిపి వేస్తే అది నాన్న బొమ్మ అవుతుందా? మూడు నెలలు సరిపోతాయా? లేక అన్నయ్య మాట విని వదిలేయనా?

సమాధానం

ముందు మీ అమ్మగారి మాట చూద్దాం. ఆవిడ మీ చేతిపనిని తప్పుపట్టారని మీరు అనుకుంటున్నారు. నాకు అలా అనిపించడం లేదు. లోటు ఆ ఫొటోలోనే ఉంది. పాస్‌పోర్టు ఫొటో తీసేటప్పుడు ముఖం మీద ఎక్కడా నీడ పడకుండా రెండువైపుల నుంచీ లైట్లు పెడతారు. నవ్వొద్దంటారు, తల నిటారుగా పెట్టమంటారు. తీశాక రంగు కాస్త తేల్చి ఇస్తారు. అంటే మీరు పెన్సిల్ పట్టుకోకముందే నీడ పోయింది, కవళిక పోయింది, ఆయన ఒంటి ఛాయ కూడా పోయింది. మీరు ఎంతో నిజాయితీగా గడి గడీ దించారు కాబట్టి ఆ లోటు కూడా తు.చ. తప్పకుండా బొమ్మలోకి దిగింది. నలభై, యాభై ఏళ్లు ఆ మనిషితో కాపురం చేసిన ఆవిడకి అది వెంటనే తెలిసిపోయింది.

చార్‌కోల్ విషయంలో ఇది ఇంకా పెద్ద చిక్కు. పెన్సిల్‌తో గీతల మీద ఆధారపడి ముఖం కట్టొచ్చు. బొగ్గు పనంతా నీడల ఆకారాలతోనే. నీడే లేని ఫొటోని ఎదురుగా పెట్టుకుంటే బొగ్గుకి చేయడానికి పనేమీ ఉండదు. అప్పుడు చేయి ఏం చేస్తుందంటే, గుండ్రంగా కనిపించాలని ముఖమంతా కొద్దికొద్దిగా రుద్దుతుంది. మీకు వచ్చిన బూడిదరంగు ముద్ద సగం అక్కడి నుంచి వచ్చిందే.

మిగతా సగం సామాను వల్ల. ఐవరీ షీటు నున్నగా ఉంటుంది. బొగ్గు అనేది పొడి. అది నిలబడాలంటే కాగితానికి గరుకుదనం ఉండాలి, ఆ గుంటల్లో పొడి ఇరుక్కోవాలి. నున్నటి షీటు మీద మొదటి పొర పడగానే గుంటలు నిండిపోతాయి, రెండో పొర జారిపోతుంది. ఎంత రుద్దినా ఒక స్థాయి దాటి నలుపు ఎక్కదు. ఇక పెన్సిల్ గళ్ల సంగతి. పెన్సిల్‌లో ఉండే గ్రాఫైట్ జిడ్డుగా, నున్నగా ఉంటుంది. దాని మీద బొగ్గు పట్టదు. అందుకే ఆ గీతలు మెరుస్తూ పైకి తేలాయి. బొగ్గుబొమ్మకి కింద గీత కూడా బొగ్గుతోనే గీయాలి. వేలిమరకలకి కారణం చర్మం మీది నూనె. వేలు తగిలిన చోట కాగితం ఆ నూనె పీల్చుకుంటుంది, తర్వాత పొడి అక్కడ ఎక్కువగా అంటుకుంటుంది. రబ్బరుతో పోకపోవడానికి, మీరు వాడింది బహుశా కంప్రెస్డ్ చార్‌కోల్ అయ్యుంటుంది. మన దగ్గర సెట్లలో ఎక్కువగా అవే వస్తాయి. అది బొగ్గుపొడికి బంక కలిపి నొక్కి చేసిన కడ్డీ. చిక్కటి నలుపు ఇస్తుంది గానీ ఒకసారి పడితే పూర్తిగా లేవదు. దాంతో మొదలుపెట్టడమంటే దిద్దుకునే అవకాశం మొదట్లోనే పోగొట్టుకోవడం.

మొదలుపెట్టాల్సింది విల్లో (ఒక రకం చెట్టు) లేదా వైన్ (ద్రాక్షతీగ) చార్‌కోల్‌తో. బంక కలపకుండా సన్నటి పుల్లల్ని గాలి తగలకుండా కాల్చి చేసినవి. గుడ్డతో ఒక్క విసురు విసిరితే చాలావరకు రాలిపోతాయి, అందుకే నేర్చుకునేవాళ్లకి ఇవి మంచివి. దొరక్కపోతే చింతపుల్లలతో చేసుకోవచ్చు. శ్రీకాళహస్తి కలంకారీవాళ్లు గుడ్డ మీద తొలి గీత గీసేది కాల్చిన చింతపుల్లతోనే. చిటికెనవేలి కన్నా సన్నటి ఎండుపుల్లల్ని బెరడు తీసి, మూత గట్టిగా పట్టే రేకుడబ్బాలో కిక్కిరిసేలా పేర్చి, మూతకి మేకుతో ఒక చిన్న రంధ్రం కొట్టి, నిప్పుల్లో పెట్టాలి. ఆ రంధ్రంలోంచి పొగ రావడం పూర్తిగా ఆగిపోయాక తీసి, డబ్బా చల్లారేదాకా మూత తెరవకూడదు. వేడిమీద తెరిస్తే లోపలికి గాలి వెళ్లి పుల్లలు బూడిదవుతాయి. ఈ పని మీ ఇంట్లో వద్దు, బాబుకి పొగ మంచిది కాదు. ఊళ్లో అమ్మగారి ఇంటి పెరట్లో చేయొచ్చు.

మిగతా సామాను తక్కువే. సాధన కోసం చవకగా దొరికే న్యూస్‌ప్రింట్ కాగితం, అసలు బొమ్మకి 150 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాముల్లో కాగితం బరువు) పైన ఉండే గరుకు కార్ట్రిడ్జ్ పేపరు గానీ, చార్‌కోల్‌, పేస్టెల్ బొమ్మల కోసం అమ్మే కాగితం గానీ, ఏ3 సైజులో. ఒక నీడెడ్ ఎరేజర్, అంటే పిండిలా నలిపి కావలసిన ఆకారంలోకి తెచ్చుకునే రబ్బరు. దాన్ని రుద్దకూడదు, అద్ది ఎత్తాలి. సన్నటి వెలుగుగీతకి ఒక గట్టి రబ్బరు ముక్క. బాగా ఉతికిన పాత కాటన్ గుడ్డ. చివర్లో వాడటానికి ఒక కంప్రెస్డ్ కడ్డీ, ఒక చార్‌కోల్ పెన్సిలు. కాగితపు బ్లెండింగ్ పుల్లలు ఇప్పుడే కొనొద్దు. అవి చేతిలో ఉంటే ప్రతి అంచునీ మెత్తగా రుద్దేయాలనిపిస్తుంది. అన్ని అంచులూ మెత్తబడిన ముఖంలో ఎముక ఉండదు.

తల పరిమాణం కూడా చూసుకోండి. బొగ్గుపుల్ల ముక్కు లావుగా ఉంటుంది, చిన్న ముఖంలో కన్ను వేయడానికి చోటు చాలదు. గడ్డం నుంచి మాడు దాకా 20 సెంటీమీటర్లకి తగ్గకుండా వేయండి. అది దాదాపు మనిషి అసలు తలంత. బోర్డుని ఒళ్లో పడుకోబెట్టుకుని కాకుండా గోడకో కుర్చీకో ఆనించి నిలబెట్టండి. నిలబడి, భుజం నుంచి చేయి కదిలేలా గీయండి. ఐదు నిమిషాలకోసారి నాలుగడుగులు వెనక్కి వేసి చూడండి. మణికట్టుతో గీసే అలవాటు మీకు ఏళ్ల తరబడి ఉంది కాబట్టి మొదటి రెండు వారాలు చేయి మీ మాట వినదు. గీతలు వంకరపోతాయి. పోనివ్వండి.

ఇప్పుడు గీసే విధానం. ఎవరినైనా ఒకరిని కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. కిటికీ వాళ్లకి ఒక పక్కగా, కాస్త ముందుగా ఉండాలి. కిటికీ కింది సగానికి దుప్పటి కట్టేస్తే వెలుగు పైనుంచి పడుతుంది. ట్యూబులైటు తప్పకుండా ఆర్పేయండి, లేకపోతే రెండు దిక్కుల నుంచి నీడలు పడి ముక్కు ఎటుందో కూడా అర్థం కాదు. కళ్లు సగం మూసి చూడండి. కనురెప్పలు, వెంట్రుకలు, ముడతలు అన్నీ మాయమై ముఖం రెండే ముక్కలుగా కనిపిస్తుంది, వెలుగు ముక్క, నీడ ముక్క. కంటిగుంట, ముక్కు పక్క, పైపెదవి, గడ్డం కింద, మెడ, ఇవన్నీ చాలాసార్లు ఒకదానితో ఒకటి కలిసిపోయి ఒకే పెద్ద నీడ అవుతాయి. ఆ నీడకి ఒక ఆకారం ఉంటుంది, ఒక జిల్లా మ్యాపులాగా. ఆ ఆకారం సరిహద్దుని గీసి, పుల్లని పక్కకి పడుకోబెట్టి మొత్తం ఒకే టోన్‌తో (ఒకే మోతాదు నలుపుతో) నింపేయండి. కన్ను విడిగా, ముక్కు విడిగా వద్దు. 20 నిమిషాల్లో ఇంతే చేసి ఆపేయండి. ఇంకో కాగితం తీసుకుని మళ్లీ అదే. కళ్లూ పెదవులూ గీయకుండానే ఆ మనిషెవరో ఇంట్లో వాళ్లు గుర్తుపట్టే రోజు వస్తుంది. అప్పుడు మీకు పోలిక అనేది ఎక్కడుందో చేతికి తెలుస్తుంది.

దీనికి ముందు ఒక చిన్న పని చేసుకోవాలి. కాగితం తెలుపు ఒకటి, చిక్కటి నలుపు ఐదు అనుకుని మధ్యలో మూడు మెట్లు వేసి ఒక పట్టీ తయారు చేసుకోండి. వెలుగు ముక్కలో ఉండేవి ఒకటీ రెండూ, ఎంత చీకటైనా మహా అయితే మూడు. నీడ ముక్కలో నాలుగూ ఐదూ. నీడలోని అతి లేత చోటు, వెలుగులోని అతి ముదురు చోటు కన్నా ముదురుగానే ఉండాలి. ఈ ఒక్క నియమం తప్పితేనే ముఖం మురికిగా కనిపిస్తుంది. ఎక్కువమంది తప్పేది దవడ కింద. చొక్కా మీది వెలుగు ఎగిరి దవడ అడుగున పడుతుంది. అది చీకటి పక్కన ఉండటం వల్ల చాలా తెల్లగా అనిపించి రబ్బరుతో ఎత్తేస్తారు. మళ్లీ కళ్లు సగం మూసి చూస్తే అది ఇంకా నీడలోనే ఉందని తెలుస్తుంది.

మీ నాన్నగారు చామనఛాయ అని రాశారు. అన్నయ్య "నల్లగా" అన్నారని భయపడి బొమ్మను పాలిపోయేలా చేయకండి. ఆ ఛాయ ఉన్న ముఖంలో వెలుగు భాగం కూడా రెండు, మూడు మెట్లలోనే ఉంటుంది. కాగితపు తెలుపు నుదుటి మెరుపుకీ, ముక్కు కొనకీ, కింది పెదవి తడికీ మాత్రమే మిగులుతుంది. అలాంటి చర్మం మీద మెరుపులు చిన్నవిగా, పదునుగా ఉంటాయి. వాటిని చక్కగా పెడితే ముఖం నల్లగా కాదు, నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఇంతకుముందు వేసినవి భయపెట్టేలా కనిపించడానికి కారణం నలుపు ఎక్కువవడం కాదు, ఐదో మెట్టు నలుపు ముఖమంతా చెల్లాచెదురుగా పడటం. పూర్తి నలుపు మూడు నాలుగు చోట్లకే: ముక్కుపుటాల లోపల, పెదవుల మధ్య గీతలో కొంత, పైరెప్ప కింద, మెడకీ కాలరుకీ మధ్య.

కవళిక గురించి కాస్త దగ్గరగా చూద్దాం, మీ అమ్మగారు వెతికింది దాన్నే కదా. గళ్ల పద్ధతి అలవాటైనవాళ్లు కంటిని బాదంకాయ ఆకారంలో చుట్టూ గీత గీసి, లోపల నల్లగుడ్డు పెట్టి, తెల్లభాగాన్ని తెల్లగా వదిలేస్తారు. అప్పుడు కన్ను అద్దంలా చూస్తుంది. నిజానికి కంటి తెలుపు తెలుపు కాదు. గుడ్డు గుండ్రం, దానిమీద పైరెప్ప నీడ పడుతుంది. వయసు మీదపడినవాళ్లకి ఆ నీడ నల్లగుడ్డు పైభాగాన్ని కూడా కప్పేస్తుంది. ముందు కంటిగుంట మొత్తాన్నీ మూడో మెట్టుతో నింపండి. తెల్లభాగాన్ని నీడెడ్ ఎరేజర్‌తో కొద్దిగా, ఒక్క అద్దుతో ఎత్తండి. కింది రెప్పకి మందం ఉంటుంది. వెలుగు పడే సన్నటి అంచు అది, దాని కింద గీత అక్కర్లేదు. కంటిలో మెరుపు అన్నిటికన్నా చివర, ఒకే ఒక్క చుక్క, వెలుగు వచ్చే వైపు.

నవ్వు పెదవుల్లో మొదలైనా అక్కడే ఉండిపోదు. మనస్ఫూర్తిగా నవ్వినప్పుడు బుగ్గ పైకి లేచి కింది రెప్పని నెడుతుంది, కన్ను కింద నుంచి చిన్నదవుతుంది, కంటి చివర ముడతలు పడతాయి. పెదవి కొసలు మాత్రం పైకి గీసి కళ్లని అలాగే వదిలేస్తే అది ఫొటో కోసం నవ్విన నవ్వు. దిగులుగా ఉన్నప్పుడు కనుబొమల లోపలి కొసలు కాస్త పైకి లేచి వాటి మధ్య చిన్న నీడ పడుతుంది. నోటి చుట్టూ గీత గీయకండి. మామూలుగా పైనుంచి వెలుగు పడితే పైపెదవి నీడలో ఉంటుంది, కిందిపెదవి వెలుగులో ఉంటుంది, దాని కింద గడ్డం మీద ఒక నీడ. కవళికంతా పెదవుల మధ్య గీతలో, ముఖ్యంగా దాని రెండు కొసల్లో ఉంటుంది. ఆ కొస దగ్గర ఒక చిన్న ముదురు గుంట. అది ఒక మిల్లీమీటరు పైకి పోతే మనిషి సంతోషంగా ఉన్నాడు, కిందికి జారితే విసుగ్గా ఉన్నాడు. ఆ చోట గంటసేపు గడిపినా తప్పులేదు. జుట్టు మీద అంతసేపు కూర్చోకండి. జుట్టూ మీసమూ ముద్దగా టోన్ వేసి, అంచులో నాలుగు వెంట్రుకలు గీస్తే చాలు. కళ్లజోడు ఫ్రేమూ అంతే. వెలుగు తగిలిన చోట గీత తెంపేయండి, బుగ్గ మీద పడిన ఫ్రేము నీడని మాత్రం మర్చిపోకండి. నుదుటి మీద విభూతి రేఖలుంటే నీడెడ్ ఎరేజర్‌ని పలచగా నొక్కి, నుదురు ఒంపుని అనుసరించి ఎత్తండి. స్కేలు పెట్టినట్టు తిన్నగా ఎత్తితే నుదురు పలకలా అయిపోతుంది.

జర్మనీ చిత్రకారిణి కేథె కోల్విట్స్ 1933లో వేసుకున్న స్వీయచిత్రం ఒకటి ఉంది, ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, ఇంటర్నెట్‌లో పెద్దదిగా చూడొచ్చు. ముఖం ఒక పక్కనుంచి కనిపిస్తుంది, కాగితం మీద గీస్తున్న చేయి కనిపిస్తుంది. ముఖమూ చేతివేళ్లూ శ్రద్ధగా కట్టి, ఆ రెండిటి మధ్య ఉన్న చేతిని మాత్రం బొగ్గుని అటూ ఇటూ బలంగా లాగిన కొన్ని గీతలతో వదిలేశారు. దాన్ని ఒకసారి తీరిగ్గా చూడండి. గళ్ల పద్ధతిలో ప్రతి గడికీ ఒకే శ్రద్ధ దక్కుతుంది, చొక్కా గుండీకీ కంటికీ తేడా ఉండదు. భావం పలికే బొమ్మలో ఎక్కడ ఆగాలో, ఎక్కడ వదిలేయాలో వేసేవాళ్లు తేల్చుకుంటారు. మీ చేతికి కొత్తగా నేర్పాల్సింది ఈ ఒక్కటే, అది కష్టం కూడా.

"ఫొటోలో లేనిది కలిపితే నాన్న బొమ్మ అవుతుందా" అన్నారు. ఏది కలుపుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది. కొలతలు కలపకూడదు. కళ్ల మధ్య దూరం, ముక్కు వెడల్పు, పైపెదవి ఎత్తు, చెవి ఆకారం, నుదురు ఎంత, గడ్డం ఎంత, ఇవన్నీ ఆ పాస్‌పోర్టు ఫొటోలో కచ్చితంగా ఉన్నాయి, వాటిని అక్కడినుంచే తీసుకోండి. మీ గళ్ల లెక్క ఇక్కడ పనికొస్తుంది, గళ్లు ఫొటో మీద మాత్రమే గీసుకుని, బొమ్మ కాగితం మీద నాలుగైదు కొలత గుర్తులు బొగ్గుతో పెట్టుకోండి. వెలుగుని మీ అన్నయ్య దగ్గర తీసుకోండి. ఆయనది నాన్నగారి పోలికే అన్నారు కాబట్టి ఆయన్ని కిటికీ దగ్గర, తల అదే కోణంలో ఉండేలా కూర్చోబెడితే, ఆ ఎముకల కట్టు మీద నీడ ఎలా పడుతుందో తెలుస్తుంది. ఎదురుగా కూర్చోబెట్టి రెండు మూడు బొమ్మలు వేశాక ఫొటో కూడా తీసుకోండి. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. రెండు మీటర్ల దూరంలో నిలబడి రెండింతలు జూమ్ చేసి తీయండి. ఫ్లాష్ వద్దు. ఇందులో ప్రమాదం ఏమిటంటే, మధ్యలో బొమ్మ అన్నయ్యలా మారిపోవచ్చు. బొమ్మలో ఏదైనా కొలత అనుమానంగా ఉంటే పాస్‌పోర్టు ఫొటోదే చివరి మాట. వయసు తేడా కూడా గుర్తుంచుకోండి. పెద్దవయసులో కంటిగుంటలూ కణతలూ లోతవుతాయి, బుగ్గ జారి దవడ గీత తెగుతుంది.

కవళిక కోసం అమ్మగారిని అడగండి. "నాన్న ఎలా ఉండేవారు" అని అడిగితే ఎవరూ చెప్పలేరు. "ఎవరైనా మాట్లాడుతుంటే ఎలా వినేవారు? తల ఎటు వంచేవారు? పేపరు చదువుతూ పిలిస్తే కళ్లజోడు పైనుంచి చూసేవారా?" అని అడగండి. మనవాళ్లని వీధి చివర ఉండగానే గుర్తుపడతాం. అప్పటికి కళ్లూ ముక్కూ కనిపించవు, తల నిలిపిన తీరు, భుజాల వాలు కనిపిస్తాయి. పాస్‌పోర్టు ఫొటోలో ఆ వంపు సరిచేసి తీసుంటారు. పాత పెళ్లి ఆల్బమ్‌లో గుంపులో ఎక్కడో పక్కకి చూస్తున్న ఫొటో, బంధువుల ఫోన్లలో ఒక నిమిషం వీడియో, ఎంత మసగ్గా ఉన్నా సరే, వెతకండి. మసక ఫొటోలో కనురెప్పలు దొరకవు గానీ తల వాలు దొరుకుతుంది, మీకు కావలసింది కూడా అదే. ఇలా తెచ్చింది కల్పన కాదు. ఆయనదే, ఆ ఒక్క ఫొటోలో లేదంతే.

ఇక ఇంటి సంగతి. ఈ విషయంలో మీవారి మాటని తేలిగ్గా తీసుకోకండి. ఆయాసం ఉన్న బిడ్డ ఉన్న గదిలో ఏ పొడీ మంచిది కాదు. అలాగని ఆపేయాల్సిందేనా అంటే, వేసే చోటునీ పద్ధతినీ బట్టి ఉంటుంది. వరండాలోనో, మేడమీదో, స్కూల్లో సెలవురోజు ఖాళీ గదిలోనో వేసుకునే వీలుంటే అదే మంచిది. ఇంట్లోనే అయితే బాబు స్కూల్లో ఉన్నప్పుడు, ఫ్యాను ఆపి, కిటికీ తెరిచి వేయండి. బోర్డు పైభాగం మీవైపు ఒక పిసరు వంగేలా నిలబెడితే పొడి బొమ్మ మీద పాకకుండా తిన్నగా కిందికి రాలుతుంది. బోర్డు అడుగున పొడవాటి కాగితాన్ని దోనెలా మడిచి టేపుతో అంటిస్తే ఆ పొడంతా అందులో పడుతుంది. దాన్ని మడిచి చెత్తలో వేయడమే. నోటితో ఊదొద్దు. పని అయ్యాక చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. మాస్కు పెట్టుకోండి, ఆ బట్టలు మార్చుకున్నాకే బాబుని దగ్గరికి తీసుకోండి. ఫిక్సేటివ్ స్ప్రే (పొడి రాలకుండా బొమ్మ మీద కొట్టేది) ఇంట్లో అసలు వద్దు. దాని ఆవిరి పొడికన్నా ఘాటు. ఇన్ని చేసినా బాబుకి దగ్గు పెరిగితే మాత్రం ఇంట్లో బొగ్గు పని ఆపేయండి. డాక్టరుగారితో కూడా ఒక మాట చెప్పి ఉంచండి.

మూడు నెలల లెక్క. వారానికి నాలుగైదు గంటలు దొరుకుతాయనుకుంటే, మొదటి నెల మొత్తం నీడ ఆకారాల సాధనకే పోతుంది. రెండో నెల ఎదురుగా కూర్చున్న మనుషులతో కళ్లూ నోరూ. మూడో నెలలో నాన్నగారి బొమ్మ, ఒకటి కాదు, మూడు నాలుగు. ఒక్క కాగితం మీదే ఆశలన్నీ పెట్టుకుంటే చేయి బిగుసుకుపోతుంది. అప్పటికి మీరు చార్‌కోల్‌లో ఆరితేరిపోరు, కానీ అమ్మగారు చూసి ఆయన్ని గుర్తుపట్టగల ఒక తల రావచ్చు. కచ్చితంగా వస్తుందని నేను మాట ఇవ్వలేను.

కాబట్టి మీ ముందు ఉన్న దార్లు చూసుకోండి. అన్నయ్య చెప్పినట్టు సంవత్సరీకానికి స్టూడియో ఫొటో పెట్టడం ఒకటి. దీన్ని ఓటమి అనుకోకండి. ఆ రోజు పటానికి గంధం, బొట్టు పెడతారు, తడి దండ వేస్తారు, అగరొత్తుల పొగ తగులుతుంది, వచ్చిన ప్రతివాళ్లూ ఎదురుగా నిలబడి దండం పెడతారు. ఆ పనికి నిటారుగా చూసే, అందరూ ఒక్క చూపులో గుర్తుపట్టే ఫొటో సరిపోతుంది. మీ బొమ్మకి గడువు ఒత్తిడి పోతుంది. ఇబ్బంది ఏమిటంటే, గడువు పోతే పని కూడా వెనక్కి పోవచ్చు, అది మీ స్వభావాన్ని బట్టి మీకే తెలియాలి. ఇంకో దారి, చార్‌కోల్ బొమ్మనే ఆ రోజుకి సిద్ధం చేయడం. మీ మనసు కోరుకునేది ఇదే. అయితే కుదరకపోతే చివరి వారంలో హడావిడిగా స్టూడియోకి పరుగెత్తాలి, అన్నాచెల్లెళ్ల మధ్య మాటా మాటా రావచ్చు. మూడోది, మీకు బాగా వచ్చిన పెన్సిల్‌తోనే, కానీ ఈసారి కిటికీ వెలుగులో, తల వాలుతో, గళ్లు లేకుండా మళ్లీ వేయడం. పొడి బాధ లేదు, చేతికి అలవాటైన పనిముట్టు. పెన్సిల్ నలుపులో బొగ్గు లోతు రాదు, పెద్ద నీడలు మెరుస్తాయి. అయినా మీ అమ్మగారు చెప్పిన లోటులో పెద్ద భాగం దీంతోనే తీరుతుంది. బాబు ఆరోగ్యం కుదరకపోతే ఇదే సరైన దారి అంటాను.

ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకునేవి కావు. నేనైతే ఫొటో పని ఇప్పుడే అన్నయ్యకి అప్పగించేస్తాను. దాంతో ఆయనకి నిశ్చింత. ఆ తర్వాత ఒక ఆదివారం ఉదయం గంటసేపు కిటికీ దగ్గర కూర్చోమని ఆయన్నే అడుగుతాను. తన ముఖంలోంచే నాన్న బొమ్మ వస్తోందని చూశాక "నల్లగా వేస్తావేంటి" అన్న మాట మళ్లీ రాకపోవచ్చు. వచ్చినా సరే, కూర్చుంటే చాలు.

బొమ్మ కుదిరితే, ఫ్రేము కట్టించడానికి కనీసం పది రోజులు ముందు చేతిలో ఉంచుకోండి. ఫిక్సేటివ్ కొట్టాలంటే డాబా మీద, గాలి లేనప్పుడు, 30 సెంటీమీటర్ల దూరం నుంచి, పలచగా రెండు మూడు పొరలు, ఒకటి ఆరాక ఒకటి. లేత టోన్లు కొంచెం ముదురుతాయి, అందుకని ముందు పనికిరాని బొమ్మ మీద కొట్టి చూడండి. చవగ్గా దొరుకుతుందని హెయిర్ స్ప్రే వాడకండి, కొన్నాళ్లకి కాగితం పసుపెక్కుతుంది. ఫ్రేములో అద్దమే వేయించండి. అక్రిలిక్ షీటుకి పొడిని లాగే గుణం ఉంటుంది, బొగ్గు దానికి అంటుకుంటుంది. అద్దం బొమ్మకి ఆనకుండా చుట్టూ మౌంటు బోర్డు (మందపాటి అట్ట) పెట్టించి, మధ్యలో రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ ఉందో లేదో తీసుకునేముందు షాపులోనే చూసుకోండి. ఈ పటాన్ని పూజ దగ్గర కాకుండా, ఎండ తగలని గోడకి, అమ్మగారు మంచం మీద నుంచి చూడగలిగే ఎత్తులో కొట్టించండి.